జనవరి 6న బాబుకి పరీక్షలు – ఈలోపు క్రిస్మస్ ఎలా గడపాలో తెలియడం లేదు

తెనాలి అమ్మ (డిసెంబర్ 17)

అందరికీ వందనాలు. మాది తెనాలి దగ్గర పల్లె. బాబుకి 2 ఏళ్ల 5 నెలలు. మాటలు లేవు. ఏడాదిన్నరప్పుడు "తాత", "అత్త" అనేవాడు, ఇప్పుడు అవీ పోయాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. అదే పక్క గదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే పరుగెత్తుకొస్తాడు. పిల్లల డాక్టర్ గారు ముందు చెవులకు బెరా అనే వినికిడి పరీక్ష, తర్వాత ఎదుగుదల చూసే డాక్టర్ దగ్గర పరీక్ష అని గుంటూరు రాశారు. పండగ సెలవుల వల్ల రెండూ జనవరి 6కి ఇచ్చారు.

చేతికి 20 ప్రశ్నల కాగితం కూడా ఇచ్చారు. వేలితో చూపిస్తాడా, పిలిస్తే పలుకుతాడా, ఇలాంటివి. అవును, కాదు అని రాయాలి. ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి నేను వాడితో ఆడుకోవడం లేదు, వాడికి పరీక్ష పెడుతున్నాను. నిన్న వెనక నిలబడి స్టీలు పళ్లెం కింద పడేశాను, చూస్తాడా లేదా అని. చూశాడు. సంతోషం పది నిమిషాలే.

మొన్న వరండాలో స్టార్ కట్టాం. లైటు వెలిగిన దగ్గర్నుంచి వాడు దాని కింద నిలబడి తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు, అరగంట. పోయినేడు ఇలాగే చూస్తే ఫోటోలు తీసుకున్నాను. ఈసారి ఇది కూడా ఆటిజం లక్షణమేమో అని భయం.

24న మా ఆడపడుచు వాళ్లు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. వాళ్ల పాప మా వాడికన్నా రెండు నెలలు చిన్నది, పాటలు పాడుతుంది. 6వ తేదీ దాకా ఎవరికీ చెప్పొద్దంటారు మా ఆయన. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్న మూడేళ్లకి మాట్లాడాడు" అంటారు అత్తయ్య. సండే స్కూల్ టీచర్ వీడిని నాటికలో గొర్రెపిల్లగా వేస్తామన్నారు. డ్రమ్ములు మోగితే చెవులు మూసుకునే పిల్లాడు.

ఇంట్లో వాళ్లకి చెప్పనా? నాటికలో ఉంచనా? బెరా అంటే ఏం చేస్తారు? తల మీద చెయ్యి వెయ్యనివ్వడు, జుట్టు కత్తిరించాలంటే ముగ్గురం పట్టుకోవాలి.

విజయవాడ నుంచి ఒక అమ్మ

మా పాపకి రెండేళ్ల కిందట ఇదే జరిగింది. ఒక్క మాట. ఇంట్లో చిన్న చిన్న వీడియోలు తీసిపెట్టండి. తినేటప్పుడు, ఆడేటప్పుడు, పిలిచినప్పుడు, ఒక్కోటి అరనిమిషం చాలు. డాక్టర్ గదిలో మా పాప బల్ల కిందకి దూరి కూర్చుంది, ఆ వీడియోలు చూసే మాట్లాడారు. "తాత" అన్నప్పటి పాత వీడియో ఎవరి ఫోన్‌లో ఉన్నా తీసుకోండి. వచ్చిన మాటలు పోవడం గురించి వాళ్లు బాగా అడుగుతారు.

అందరికీ చెప్పనక్కర్లేదు, కానీ ఒక్కరికి చెప్పండి. నేను ఎవరికీ చెప్పకుండా పెళ్లిలో నాలుగు రోజులు నవ్వుతూ తిరిగి, ఇంటికొచ్చి జ్వరంతో పడ్డాను.

ఆడియాలజిస్ట్, విశాఖ

అమ్మా, బెరాలో నొప్పి ఉండదు. నుదుటి మీద, చెవుల వెనక చిన్న ప్యాచ్‌లు అంటించి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి శబ్దాలు వినిపిస్తారు. నరం నుంచి స్పందన వస్తోందా అన్నది మెషిన్ రాసుకుంటుంది. బాబు నిద్రలో ఉండాలి, అంతే. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపండి, దారిలో నిద్రపోనివ్వకండి. నిద్ర మందు ఇవ్వాల్సి వస్తే పాలు, తిండి ఎన్ని గంటల ముందు ఆపాలో ఫోన్ చేసి కనుక్కోండి. తలంటి పోయండి, నూనె మాత్రం రాయకండి, ప్యాచ్‌లు అంటవు.

పళ్లెం పరీక్ష ఇక ఆపేయండి. పెద్ద చప్పుడుకి తిరిగినంత మాత్రాన మాటలోని సన్నని శబ్దాలు వినిపిస్తున్నాయని కాదు. జలుబులతో చెవిలో నీరు చేరినా వినికిడి తగ్గుతుంది. అర్ధరాత్రి ఆరాధనకి తీసుకెళ్తే చెవులు కప్పి తీసుకెళ్లండి, జలుబు చేస్తే ముందే ఆసుపత్రికి చెప్పండి. ఆ 20 ప్రశ్నల కాగితం కూడా బాబుని ఇంకా పరీక్షించాలా వద్దా అని తేల్చడానికే, దాంతోనే జబ్బు పేరు పెట్టరు.

భీమవరం నాయనమ్మ

అమ్మాయ్, మీ అత్తయ్య చెప్పిన మాటే నేను నా కోడలికి చెప్పాను. మూడేళ్లకి అదే వస్తుందని ఎనిమిది నెలలు దాని నోరు మూయించాను. ఇప్పుడు మనవణ్ణి థెరపీకి నేనే తీసుకెళ్తున్నాను. 6న మీ అత్తయ్యని వెంట తీసుకెళ్లు, డాక్టర్ చెప్పేది ఆవిడ చెవులతో ఆవిడే విననీ. ఖర్చు గురించి బెంగ ఉంటే జిల్లా ప్రభుత్వాసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డైక్ సెంటర్ ఎక్కడుందో అడుగు, అక్కడ పిల్లలకి ఉచితం.

తెనాలి అమ్మ (డిసెంబర్ 26)

గొర్రెపిల్ల వేషం వద్దన్నాను. టీచర్ ఏమీ అనుకోలేదు. గుడిలో తలుపు దగ్గర కూర్చున్నాం, డ్రమ్ములు మొదలైతే బయటికి, ఆగితే లోపలికి.

24 రాత్రి అరిసెలు సర్దుతూ మా ఆడపడుచుకి చెప్పాను. తను కాసేపు మాట్లాడలేదు. వేసవిలో వచ్చినప్పుడే గమనించిందట, చెబితే నేను బాధపడతానని ఊరుకుందట. ఇద్దరం ఏడ్చాం. తన ఫోన్‌లో వెతికితే పోయినేడు వీడియో దొరికింది. మామయ్య గారి మీసం పట్టుకుని "తాత, తాత" అంటున్నాడు. అత్తయ్య ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకుని చూశారు. తర్వాత "ఆరో తారీఖు ఎన్నింటికి బయలుదేరాలి?" అన్నారు.

నిన్న సాయంత్రం వాడు నా చెయ్యి పట్టుకుని స్టార్ దగ్గరికి లాక్కెళ్లాడు. ఆ కాగితంలో ఇది ఏ ప్రశ్న కిందకి వస్తుందో ఆలోచించలేదు. ఎత్తుకుని చూపించాను.

తెనాలి అమ్మ (జనవరి 5)

తలంటి పోశాను, నూనె రాయలేదు. జలుబు లేదు. పొద్దున ఐదింటికి కారు. పన్నెండు దాకా మెలకువగా ఉంచాలని అందరం వరండాలోనే కూర్చున్నాం, అత్తయ్య దుప్పటి కప్పుకుని. స్టార్ ఇంకా తియ్యలేదు. వాడు దాని కింద నిలబడ్డాడు.