అప్‌డేట్: టోక్యో వీధుల్లో బట్టల ఫొటోలు, అడిగే తీశాను

టోక్యో వీధుల్లో మామూలు జనం బట్టల తీరు ఫొటో తీయాలంటే వాళ్లను అడగాలా అని పోయిన నెల అడిగాను కదా. అడిగి తీయమన్నారు, అలాగే చేశాను. "షాషిన్ తొత్తెమో ఈ దెస్ కా" (ఫొటో తీసుకోవచ్చా?) అన్న ఒక్క జపనీస్ వాక్యం బట్టీ పట్టాను. టోక్యోలోని హరాజుకు పేటలో జనం తోపులాట, అరగంటలో వచ్చేశా.

షిమోకితజావా అనే ఇంకో పేట మాత్రం వదలబుద్ధి కాలేదు. సందుసందుకీ పాత బట్టల కొట్లే. అక్కడొక పెద్దాయన వేసుకున్న నీలిమందు రంగు కోటుకి మోచేతి దగ్గర అతుకు, దానిమీద తెల్లదారంతో బియ్యపు గింజల్లాంటి కుట్లు. జపాన్‌లో ఈ కుట్టుపనిని సాషికో అంటారు. మా అమ్మమ్మ బొంత కుట్టినట్టే ఉంది! అడగ్గానే నవ్వి, మోచెయ్యి కెమెరా వైపు తిప్పారు.

ఇద్దరు చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నారు. కొంచెం టెన్షన్ పడ్డా, తల వంచి పక్కకి తప్పుకున్నాను. ఆ తర్వాత ముఖాలు రాకుండా కుట్లు, బూట్లు, సంచులే ఎక్కువ తీశాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.