పిల్లల నాటకంలో వేషానికి విడిగా ఫీజు అడుగుతున్నారు, కట్టాలా?

గుంటూరు అమ్మ:

మా పాపకి 11 ఏళ్ళు. వేసవి సెలవుల్లో నాటక శిబిరంలో చేర్పించాం. శిక్షణకి 4,500 ముందే కట్టేశాం. నేర్పడం బాగుంది, అందులో వంక పెట్టను. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఇప్పుడు వంటింట్లో నిలబడి డైలాగులు చెబుతోంది.

ఇప్పుడు ఆఖర్లో హాల్లో వేసే ప్రదర్శనకి మనిషికి ఇంకో 3,000 అంటున్నారు. ప్రధాన వేషాలు నాలుగున్నాయి, వాటికైతే 6,000. డ్రెస్ అద్దె 800. ఇవి కాక ప్రతి కుటుంబం 150 రూపాయల టిక్కెట్లు పది అమ్మి పెట్టాలి, అమ్ముడుపోకపోతే డబ్బు మనమే కట్టాలి. నాది చిన్న టైలరింగ్ షాపు. డ్రెస్ నేనే కుట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. మొత్తం 30 మంది పిల్లలున్నారు. కట్టలేక మానిపిస్తే పాప మనసు ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఇలా తీసుకోవడం మామూలేనా?

తెనాలి మాస్టారు:

అమ్మా, నేను బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లల చేత నాటికలు వేయించాను, నాటక పోటీలు పెట్టే పరిషత్తులకీ తీసుకెళ్ళాను. అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

శిక్షణకి ఫీజు తీసుకోవడం తప్పు కాదు. సంగీతం మాస్టారుకి ఇస్తాం, నాటకం మాస్టారుకి ఎందుకివ్వకూడదు? హాలు అద్దె, లైట్లు, మైకులు, మేకప్ మాస్టారు, డ్రెస్ కంపెనీ, అన్నీ డబ్బుతోనే నడుస్తాయి. ఆ ఖర్చు పిల్లల కుటుంబాలు తలా కొంత వేసుకోవడం కూడా నాకు అభ్యంతరం లేదు.

నాకు బాధ కలిగించింది ఆ 6,000. వేషానికి ధర కట్టడం.

ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు. నా చిన్నప్పుడు మా ఊళ్ళో పద్యనాటకం నేర్చుకునేవాళ్ళు తలా కొంత చందా వేసుకుని హార్మోనియం మాస్టారుని పిలిపించుకునేవారు. రాయబారం సీనుకి దుర్యోధనుడి వేషం ఎక్కువ చందా వేసిన ఆసామికి వెళ్ళేది. నిజంగా గొంతున్న కూలి కుర్రాడొకడు వెనక బల్లెం పట్టుకుని నిలబడేవాడు. అందరికీ తెలుసు, ఎవరూ అనేవారు కాదు. అయినా వాళ్ళు పెద్దవాళ్ళు, సరదాకి సొంత డబ్బు పెట్టుకున్నారు. 11 ఏళ్ళ పిల్లకి ఆ లెక్క ఎందుకు తెలియాలి? బాగా చెప్పినందుకు వేషం వచ్చిందో, నాన్న డబ్బు కట్టినందుకు వచ్చిందో తెలియని పిల్ల ఏం నేర్చుకున్నట్టు?

మన దగ్గర వేరే పద్ధతులూ ఉన్నాయి. 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు తెరల మధ్యే పెరిగి, నడక వచ్చేసరికి బాలకృష్ణుడో లవుడో అయ్యేవారు. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకునే మాటే లేదు, ఆ ఆటే కుటుంబానికి తిండి పెట్టింది. అందరూ సురభిలా ఉండలేరు, అది కుటుంబ సమాజం. పరిషత్తుల్లో ఎంపికైన నాటకానికి నిర్వాహకులే పారితోషికం ఇస్తారు. అది రానూపోనూ ఖర్చుకి కూడా చాలకపోవచ్చు, కానీ ఆడేవాడికి ఇవ్వాలన్న మర్యాద అందులో ఉంది.

మీరు వెళ్ళి మూడు మాటలు అడగండి. వేషాలు ఎవరు, ఎలా నిర్ణయించారు? టిక్కెట్ల డబ్బు ఎటు వెళుతుంది? కట్టలేని పిల్లకి ఏం దారి ఉంది? గొడవగా కాదు, పాప ఎదుట అసలే కాదు. ఇక డ్రెస్ విషయం. టైలరైన తల్లి కుడతానంటే సంతోషంగా ఒప్పుకోవాలి. మా నాటికలకి సగం బట్టలు తల్లుల చీరల్లోంచి వచ్చినవే.

విజయవాడ ఆడిటర్:

మీ అంకెలతోనే లెక్క వేశాను. 26 మంది 3,000 చొప్పున 78,000. నాలుగు ప్రధాన వేషాలకి 24,000. టిక్కెట్లు 45,000. మొత్తం 1,47,000. శిక్షణ ఫీజు, డ్రెస్ అద్దె ఇందులో కలపలేదు. ఖర్చు అంత అయి ఉండొచ్చు కూడా. కానీ ఒక కాగితం మీద రాసి చూపించమనడం మీ హక్కు.

ఇంకోటి. సినిమాల్లో, టీవీలో నటించే పిల్లల కోసం 2017లో కేంద్రం నిబంధనలు పెట్టింది. రోజుకి ఐదు గంటలు మించకూడదు, పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. మీ శిబిరం అలాంటిది కాదు, అక్కడ మీ పాప సంపాదించడం లేదు. అయినా టిక్కెట్టు పెట్టి జనాన్ని పిలిచినప్పుడు, ఆ జనం చూడటానికి వచ్చేది పిల్లల్నే కదండీ.

విశాఖ నుంచి, పిల్లల బృందం నడిపే ఆవిడ:

అక్కా, రెండో వైపు కూడా వినండి. నేనూ ఫీజు తీసుకుంటాను. స్పాన్సర్లు దొరకరు, హాలువాళ్ళు అడ్వాన్స్ లేకుండా తేదీ ఇవ్వరు. ఫీజు లేకపోతే మా బృందం ఒక్క వేసవి కూడా నడవదు. కానీ ప్రదర్శన ఖర్చు కలిపి మొదటి రోజే ఒకే మొత్తం చెబుతాను. మధ్యలో కొత్త ఫీజు అంటే, అప్పటికే డైలాగులు నేర్చుకున్న పిల్లని అడ్డం పెట్టి అడిగినట్టే అవుతుంది. ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు కట్టలేని పిల్లలుంటారు. వాళ్ళెవరో నాకూ వాళ్ళ అమ్మానాన్నలకీ తప్ప ఎవరికీ తెలియదు. టిక్కెట్లు మాత్రం ఎప్పుడూ అంటగట్టలేదు.

ఇంకొక మాట. పాప ఏదైనా సంప్రదాయ కళ కూడా నేర్చుకుంటుంటే సీసీఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్ గురించి కనుక్కోండి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఇస్తారు. హైదరాబాద్‌లో వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది.

గుంటూరు అమ్మ:

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే నెమ్మదిగా అడిగాను. డ్రెస్ కుట్టుకోవడానికి ఒప్పుకున్నారు. టిక్కెట్లు అమ్మినన్ని అమ్మమన్నారు, మిగిలినవి వెనక్కి తీసుకుంటారట. 3,000 రెండు విడతల్లో కడుతున్నాను. ఖర్చుల కాగితం ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. ప్రధాన వేషాల 6,000 సంగతి అడిగితే మాత్రం సరిగ్గా జవాబు చెప్పలేదు. మా పాపది చిన్న వేషమే, అయినా ఆ సంగతి వదలాలనిపించడం లేదు. ఇంకో నలుగురు తల్లులు కూడా నాతో వస్తామన్నారు. శనివారం రిహార్సల్ అయ్యాక, పిల్లల్ని ఇంటికి పంపించేసి, అందరం కలిసి మాట్లాడతాం.