న్యాయశాస్త్ర వ్యాసాల ప్రభావాన్ని దేనితో కొలవాలి? తెలిసినవాళ్ళు చెప్పండి

నేను ఎల్ఎల్ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చివరి సంవత్సరంలో ఉన్నాను. మన న్యాయశాస్త్ర పరిశోధన కోర్టుల మీద ఎంత ప్రభావం చూపిందన్నది నా డిసర్టేషన్ అంశం. గైడ్ గారేమో గూగుల్ స్కాలర్‌లో సైటేషన్లు (ఒక వ్యాసాన్ని వేరేవాళ్ళు ఎన్నిసార్లు ఉటంకించారో) లెక్కపెట్టి టేబుల్ వేసెయ్ అంటున్నారు, నాకేమో అది సరిపోదనిపిస్తోంది.

ప్రొఫెసర్ కాన్రాడ్ సంగతే చూడండి. రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దులున్నాయా అని ఆ జర్మన్ ఆయన 1965లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ఇచ్చిన ఉపన్యాసం గోలక్‌నాథ్ కేసు వాదనల్లోకి వచ్చి, 1973లో రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా ఆయన్ని ప్రస్తావించేదాకా వెళ్ళింది. ఇది ఏ లెక్కలోకి వస్తుంది? 1979లో మథుర కేసు (పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం కేసులో పోలీసుల్ని సుప్రీంకోర్టు వదిలేసింది) తీర్పు మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ అసలు జర్నల్ వ్యాసమే కాదు, కానీ 1983లో అత్యాచార చట్టం మారడానికి అదీ ఒక కారణం.

తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ సైట్‌లో రచయిత పేరుతో వెతకడం ఇంకో తలనొప్పి, పేరు స్పెల్లింగ్ ఒక్కో తీర్పులో ఒక్కో రకంగా ఉంటుంది. న్యాయ జర్నల్స్ డేటాబేస్ హైన్‌ఆన్‌లైన్‌లో అమెరికా జర్నల్స్‌దే పైచేయి. ఇక డౌన్‌లోడ్ల సంఖ్య అంటారా, దించుకుని చదవని పీడీఎఫ్‌లు నా లాప్‌టాప్‌లోనే బోలెడున్నాయి!

తీర్పుల్లో ప్రస్తావన, జర్నల్ సైటేషన్, డౌన్‌లోడ్ మూడూ విడివిడిగా చూపించాలా, కలిపి వెయిటేజీ ఇవ్వొచ్చా? ఊరికే పేరు చెప్పి వదిలేసిన తీర్పుల్నీ, వాదనని నిజంగా వాడుకున్న తీర్పుల్నీ వేరుచేసి కోడింగ్ (వర్గాలుగా గుర్తించడం) చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్ నివేదికలు కూడా కలపాలా? వచ్చే నెలే సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది.