హబుల్‌కి మెకానిక్ వెళ్లాడు, వెబ్‌కి ఎవరు వెళతారు?

రాయగడ మాస్టారు:
మనిషి వెళ్లి బాగుచేయలేని టెలిస్కోప్‌ని పైకి పంపడమే తప్పు. 1990లో హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ బొమ్మలు మసకగా వచ్చాయి. 2.4 మీటర్ల అద్దం అంచు 2.2 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) ఎక్కువ చదునైపోయింది. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసే అద్దాలు బిగించారు కాబట్టి బతికింది. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి జ్వరమొస్తే ఎవరు చూస్తారు?

జయపురం శేషు:
ఇక్కడి నుంచే చూస్తారు మాస్టారూ. వెబ్ అద్దానికి 18 పలకలు, ఒక్కోదాని వెనక ఏడు మోటార్లు. సుమారు రెండు రోజులకోసారి నక్షత్రాన్ని చూసి అమరిక కొలుస్తారు, తేడా వస్తే సర్దుతారు. 2022 మేలో ఉల్క రేణువు తగిలినా పలకను సర్ది నష్టం కొంత తగ్గించారు.

రాయగడ మాస్టారు:
'కొంత'. నువ్వే అన్నావు.

గుణుపురం అమ్మడు:
హబుల్‌లో తప్పు అద్దం దగ్గర మొదలవలేదండీ. అద్దాన్ని కొలిచే పరికరంలో ఒక లెన్స్ ఉండాల్సిన చోటికి 1.3 మి.మీ. తేడాలో ఉంది. వేరే పరికరాలు తేడా చూపించినా నమ్మలేదు. నాకూ అంతే. కళ్లజోళ్ల షాపులో మళ్లీ చూడమంటే "మిషన్ తప్పు చెప్పదు" అన్నాడు. ఆర్నెల్లు తలనొప్పి.

రాయగడ మాస్టారు:
కళ్లజోడు గొడవ ఇప్పుడెందుకమ్మా?

జయపురం శేషు:
అదే అసలు సంగతి. పంపేముందే రెండుసార్లు కొలవాలి. పైగా చెయ్యి పెడితే బాగవుతుందని ఏముంది? యూక్లిడ్ అనే అంతరిక్ష టెలిస్కోప్‌లో మంచు పొర పేరుకుంటే 2024 మార్చిలో ఒక్క అద్దాన్ని కాస్త వేడిచేశారు, చూపు తేటపడింది. ఎవరూ గుడ్డ పెట్టి తుడవలేదు.

రాయగడ మాస్టారు:
గుడ్డ మాట ఎవర్నంటున్నావు?

జయపురం శేషు:
మన టెలిస్కోప్ ఆరంగుళాల అద్దం మీద గీతలు ఎవరివి?

రాయగడ మాస్టారు:
మజ్జిగౌరి గుడి దగ్గర పిల్లలకి శని చూపిద్దామంటే దుమ్ము! తుడిచాను, అవును.

జయపురం శేషు:
దుమ్ముంటే కాస్త వెలుతురు తగ్గుతుందంతే. గీత పోదు.

రాయగడ మాస్టారు:
మూడేళ్లుగా ఆ పెట్టె మీ అటక మీదే ఉంది, తాళం నీ దగ్గరే. చందా అందరం వేశాం. ఒక్కరినైనా ముట్టుకోనిచ్చావా? నేర్పించి ఉంటే గుడ్డెందుకు పట్టుకుంటాను?

పర్లాకిమిడి బాబు:
ఇంతకీ వెబ్ సంగతేటి?

గుణుపురం అమ్మడు:
ఆదివారం పెట్టె తెండి శేషూ. టార్చి వేసి నేను చూస్తాను. మీరిద్దరూ దూరంగా కూర్చోండి.