జవాన్ల తరలింపుతో సిమ్యులేషన్ చెప్పాలనుకుంటున్నా, సలహా ఇవ్వండి

నమస్తే అండి, గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో సిమ్యులేషన్ మోడలింగ్ (అసలు పని ఎలా నడుస్తుందో కంప్యూటర్‌లో నకలు చేసి చూడటం) చెప్తాను. ఎప్పుడూ బ్యాంకు కౌంటర్ క్యూనే చెప్తుంటే పిల్లలు ఫార్ములా బట్టీపట్టి వదిలేస్తున్నారు, అందుకే ఈసారి సైన్యం రవాణా తీసుకుందామని ఉంది.

మోడల్ ఏంటంటే, సెలవు అయిపోయిన జవాన్లు రైల్లో జమ్మూలో దిగుతారు, ట్రాన్సిట్ క్యాంపులో ఆగి పొద్దున్నే కాన్వాయ్‌లో శ్రీనగర్ వైపు వెళ్తారు. ఇందులో అసలు విషయం, మనుషులు ఒక్కొక్కరుగా రారు, రైలు దిగితే ఒకేసారి గుంపు, వెళ్లేదీ గుంపుగానే, మధ్యలో కొండచరియలు విరిగిపడి హైవే మూస్తే క్యాంపులో మంచాలు చాలవు. సగటున వచ్చేవాళ్లు, సగటున ఉన్న సీట్లు చూస్తే అంతా సరిపోయినట్టే కనిపిస్తది, కానీ రోడ్డు రెండ్రోజులు మూతపడితే పేరుకున్న క్యూ కరగడానికి ఎన్నాళ్లు పడుతుందో పిల్లలు కళ్లారా చూడాలి, అదే నా తపన.

పైథాన్‌లో సింపై (SimPy, ఇలాంటి సిమ్యులేషన్లు రాసే లైబ్రరీ) వాడతాం, ఫ్రీ కాబట్టి. రోడ్డు మూతని కాన్వాయ్ ప్రాసెస్‌కి ఇంటరప్ట్‌గా (నడుస్తున్నదాన్ని మధ్యలో ఆపేలా) పెట్టాలా, లేక రోడ్డు తెరిచేదాకా కాన్వాయ్ ఎదురుచూసే ఈవెంట్‌గానా, మొదటిసారి నేర్చుకునేవాళ్లకి ఏది తేలిగ్గా ఎక్కుద్ది? ఆర్మీ అసలు అంకెలు వాడం, వాడకూడదు కూడా. బదులుగా విజయవాడ జంక్షన్‌లో రైలు దిగే జనాన్ని పిల్లలతో లెక్కపెట్టించి ఆ డిస్ట్రిబ్యూషన్ (ఎంతమంది చొప్పున ఎన్నిసార్లు దిగారన్న తీరు) వాడితే నప్పుతుందా? మోడల్‌ని ఎన్నిసార్లు రన్ చేస్తే చాలో ఎలా తేల్చమంటారు? ఇలాంటివి చెప్పినవాళ్లు, ఆర్మీ సప్లైలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి ప్లీజ్.