పెంజీకటి కవ్వల: ఏకాకృతియా, ఏకాకిగనా?

పాతపుటలు: విశ్వ నేపథ్య వికిరణంతో (తొలినాటి విశ్వం నుంచి ఇప్పటికీ అన్ని దిక్కులా అందుతున్న కాంతి) ఆదిమ హీలియం పాలు (వాటా) ఎలా లెక్కగడతారో చెప్పే వ్యాసానికి ‘పెంజీకటి కవ్వల వెలుగు’ అని పేరు అనుకున్నాను. పోతన భాగవతం, గజేంద్రమోక్షంలోని కందం అది: ‘లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల నెవ్వం / డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్.’ నాలుగో పాదం దగ్గర తట్టుకుంటోంది. నోటికి ‘ఏకాకిగ వెలుగు’ అని వస్తోంది, అచ్చులో ‘ఏకాకృతి’. గణాలు ఏమంటాయి?

కందగర్భం: గణాలు తేల్చవండీ. డేకా, కృతివెలు, గునతని. డేకా, కిగవెలు, గునతని. రెండూ గగ (రెండు గురువులు), నల (నాలుగు లఘువులు), నల. ప్రాస ‘క’ రెంటికీ కుదిరింది. అర్థం మీదే నిలవాలి. లోకేశులు సైతం తెగాక మళ్ళీ ‘ఏకాకి’ అంటే పునరుక్తి. పోతన చేయడు.

తోకగీత: అర్థానికొస్తే వ్యాసానికి ‘ఏకాకృతి’యే అడ్డం. 2.725 కెల్విన్ల వెలుగు నిజంగా ఒకే రూపైతే హీలియం చిక్కదు. ఆకాశంలో వేడి, చల్లని మచ్చలుగా కనబడే లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులే ఆధారం. హీలియం తన ఎలక్ట్రాన్లను ముందే పట్టేస్తుంది: రెడ్‌షిఫ్ట్ (విశ్వవ్యాకోచం వల్ల కాంతి సాగిన లెక్క; పెద్దదైతే అంత పాతకాలం) 6000 దగ్గర ఒకటి, 2000 దగ్గర రెండోది. బేరియాన్ (మామూలు పదార్థం) సాంద్రత అలాగే ఉంచి హీలియం పెంచితే, 1100 దగ్గర హైడ్రోజన్ వంతు వచ్చేసరికి స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు తక్కువ. ఫోటాన్లు ఎక్కువ దూరం చెదిరి చిన్న మచ్చలను చెరిపేస్తాయి. మచ్చల పరిమాణాన్నిబట్టి హెచ్చుతగ్గుల బలం చూపే గీతలో, మల్టీపోల్ (మచ్చ ఎంత చిన్నదో చెప్పే అంకె) 1000 దాటాక తోక ఎంత కుంగిందన్నదే కొలత.

పాతపుటలు: తోక కుంగితే హీలియమేనా?

తోకగీత: కాదు, అక్కడే చిక్కు. న్యూట్రినో (దేనితోనూ దాదాపు కలవని తేలిక కణం) జాతులు ఎక్కువైనా విశ్వ విస్తరణ వేగం పెరిగి అదే తోక కుంగుతుంది. వాటివల్ల గీతలోని శిఖరాలు కొద్దిగా పక్కకు జరుగుతాయి, ధ్రువణ పటాల్లో (కాంతి కంపించే దిశను చూపేవి) అది స్పష్టం. దాంతోనే రెంటినీ విడదీస్తారు. టెలిస్కోపు బీమ్ (అది ఒకసారికి చూసే ఆకాశపు ముక్క) ఆకారం తప్పినా, దుమ్ము గెలాక్సీల మిణుకులు మిగిలినా దెబ్బ నేరుగా తోకకే. ప్లాంక్ ఉపగ్రహం 2018 ఫలితాల్లో న్యూట్రినోలను ప్రామాణిక విలువకు కట్టేస్తే హీలియం పాలు సుమారు 0.24, 95 శాతం హద్దులు అటూ ఇటూ 0.025. విశ్వపు తొలి నిమిషాల కేంద్రక సంశ్లేషణ (పరమాణు కేంద్రకాలు ఏర్పడటం) లెక్క 0.247.

కందగర్భం: ‘పాలు’ అన్నారు, దేనిలో పాలు? ఒక్కో హీలియానికి 4 న్యూక్లియాన్లని (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) లెక్కిస్తే 0.2467. అసలు బరువు హైడ్రోజన్‌కి 3.97 రెట్లే కనుక బరువులో 0.2454. లెక్క చేసే ప్రోగ్రాముకు ఏది ఇస్తున్నారో చూసుకోకపోతే తేడా ఎవరికీ కనబడదు, ప్లాంక్ హద్దుల్లో కలిసిపోతుంది.

కృష్ణాతీరం: పోతన దాకా ఎందుకండీ? 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణానికి ఖగోళ శాస్త్రవేత్తలు జాన్సెన్ గుంటూరులో, పోగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటం పట్టారు. హీలియం పసుపు గీత కథ మన గడ్డమీదే ఉంది.

పాతపుటలు: ‘అవ్వల’ వదులుకోలేను. నక్షత్రాలు పుట్టని చీకటి యుగానికి అవతల, విశ్వానికి 3,80,000 ఏళ్ళ వయసప్పటి కాంతి. మన చూపు వెళ్ళే దారిలో సరిగ్గా పెంజీకటికి అవ్వలే.

కందగర్భం: పద్యంలో అది ‘తెగిన తుది’ చీకటి, మీది మొదటి చీకటి. పైగా అక్కడ ‘వెలుగు’ నామవాచకం కాదు, వెలుగున్ అనే క్రియ. మీ శీర్షికలో కాంతిగా మారిపోయింది.

తోకగీత: క్రియే అయితే ‘ఏకాకృతి’ దేనికి అన్వయం? ‘ఏకాకృతిన్’ అని తృతీయా విభక్తి లోపించిందా, ‘ఎవ్వండు’కి విశేషణమా?