1969 ఎంజీబీకి బంపర్ గార్డ్ బార్: ఏ పైపు, ఎక్కడ బిగించాలి?

టవర్‌క్లాక్_515
అన్నలకు నమస్తే. అనంతపురంలో ఉన్న 1969 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తెరిచే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) గురించి అడుగుతున్నా. క్రోమ్ బంపర్ల మోడల్. ముందు బంపరుకు రెండు ఓవర్‌రైడర్లు (నిలువు కొమ్ములు) ఉన్నాయి. వాటి మధ్య అడ్డంగా ఒక గార్డ్ బార్ పెట్టాలని ఉంది, వీలైతే వెనక కూడా. పార్కింగులో బైకులు ఆనించి బంపరు గీకేస్తున్నారు. ఇక్కడి ఫ్యాబ్రికేషన్ షాపాయన 38 మి.మీ. పైపుతో చేసి ఛాసిస్‌కు వెల్డింగ్ కొట్టిస్తానంటాడు, ఫాగ్ లైట్లు కూడా దానికే తగిలిస్తాడంట. పైపు ఎంత మందం ఉండాల? స్టెయిన్‌లెస్సా, క్రోమా? ఆర్టీఓ దగ్గర తకరారు వస్తుందా?

బురుజు_కర్నూలు
వెల్డింగు మాటే ఎత్తనీయొద్దు. ఎంజీబీకి అంబాసిడర్ మాదిరే విడి ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ముందు పట్టాల (బాడీలోనే కలిసి పొడుగునా పోయే బోలు ఉక్కు దూలాల) కొసల్లో వెల్డింగు వేడి తగిలితే లోపలి ప్రైమరు కాలిపోతుంది. అక్కడికి బ్రష్ పోదు కాబట్టి తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది.

ఇంకో సంగతి. చిన్న దెబ్బకు బంపరు బ్రాకెట్ కాస్త వంగి బలం మింగుతుంది. అది మార్చుకునే సామాను. మందం పైపును నేరుగా పట్టాకు కట్టేస్తే బ్రాకెట్ వంగదు, అదే దెబ్బ పట్టాకూ, లోపలి మడ్‌గార్డ్ రేకుకూ పోతుంది. గార్డ్ కారుకన్నా బలంగా ఉంటే నష్టమే.

మీ షాపాయన చెప్పే 38 మి.మీ. పైపు 3 మి.మీ. మందంతో మీటరుకు 2.6 కిలోలు. మూడు మీటర్ల చట్రం అంటే ముక్కు మీద దాదాపు 8 కిలోలు వేలాడతాయి. మీకు కావాల్సింది 25 మి.మీ. బయటి వ్యాసం, 1.6 మి.మీ. (16 గేజు) పైపు. మీటరుకు కిలో లోపే. బైకు హ్యాండిలు, నంబర్ ప్లేటు ఆనుకుంటే ఆపడానికి అది చాలు. లారీని ఆపే గార్డ్ ఈ కారుకు లేదు, ఎవరూ చేయలేరు.

బిగించేది ఇట్లా: ఓవర్‌రైడర్లు విప్పండి. బార్‌ను మోయడానికి, బంపరుకూ ఓవర్‌రైడరుకూ మధ్య పట్టే రెండు పట్టీలు 5 మి.మీ. ఫ్లాట్‌తో కోయించండి. పాత బోల్టు రంధ్రాన్నే వాడుకోవాల, బంపర్లో కొత్త రంధ్రం వేయొద్దు. పట్టీ, రబ్బరు మందం పెరిగింది కాబట్టి బోల్టు పొడవు కూడా అంత మేర పెంచాల, లేదంటే నట్టుకు మరలు చాలవు. క్రోమ్ తగిలే ప్రతి చోటా 2 మి.మీ. రబ్బరు వేయండి. ముందు నాలుగు బోల్టులూ చేత్తో తిప్పి వదులుగా ఉంచి, రెండు పక్కలా బంపరుకూ బాడీకీ మధ్య సందు సమానంగా, వేలు దూరేంత ఉందో లేదో చూసి అప్పుడు బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు పోతే బంపరు మెలిపడి మడ్‌గార్డ్ అంచుకు రాసుకుంటుంది.

బోల్టుల్లోనే అందరూ దెబ్బ తినేది. ఈ కారంతా అంగుళాల కొలతలో ఉండే యూఎన్ఎఫ్ అనే సన్న మర. 5/16 స్థానంలో 8 నంబర్ మిల్లీమీటర్ బోల్టు ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది, మెకానిక్ ‘బిగువుగా ఉంది’ అని స్పానర్ వేసి తిప్పుతాడు, నట్టు మర పోతుంది. 5/16 యూఎన్ఎఫ్‌కు 1/2 స్పానర్, 3/8కి 9/16 స్పానర్. బోల్టు గుండ్రటి తల క్రోమ్‌కు స్పానర్ తగలకూడదు, లోపలి నట్టునే తిప్పాల.

కడప_బఫింగ్
లోహం సంగతి నేను చెప్తా. రెండు దార్లు.

మామూలు ఇనుప పైపు, పైన క్రోమ్: వంపులు, వెల్డింగు, రంధ్రాలు అన్నీ ప్లేటింగుకు ముందే అయిపోవాల. ప్లేటింగయ్యాక వంచితే పొర చిట్లుతుంది. మెరుపూ తుప్పు కాపలా రెండూ ఇచ్చేది కింది నికెలే, పైన క్రోమ్ ఒక మైక్రాన్‌కన్నా తక్కువ. కాబట్టి షాపులో ‘క్రోమ్ ఎంత’ అని కాదు, ‘రాగి, నికెల్ ఎంతసేపు వేస్తారు’ అని అడగండి. రాగి వేయకుండా నేరుగా నికెల్ కొడితే కింది గీతలన్నీ పైకి కనిపిస్తాయి.

పైపు రెండు కొసలూ మూసి వెల్డింగు చేస్తే కింది వైపు, ఒక్కో కొస దగ్గర 5 మి.మీ. రంధ్రం తప్పనిసరి. అది లేకపోతే సన్నని వెల్డింగు సందుల్లోంచి యాసిడ్ లోపలికి పోయి నిలబడుతుంది, కొన్ని నెలలకు కీళ్ల దగ్గర పచ్చగా, ఎర్రగా కారుతుంది. ప్లేటింగు షాపును తిట్టుకుంటారు గానీ తప్పు ఫ్యాబ్రికేషన్‌ది.

రెండోది స్టెయిన్‌లెస్. 304 గ్రేడు అని అడిగితే 202 గ్రేడు అంటగట్టే షాపులున్నాయి, మెట్ల రెయిలింగులకు వాడేది ఎక్కువగా అదే. అయస్కాంతంతో తేలదు, రెండూ అంటుకోవు. చుక్క వేసి బ్యాటరీ తగిలించే టెస్టింగ్ ద్రవం దొరుకుతుంది, 202లో మాంగనీసు ఎక్కువ కాబట్టి ఎర్రగా తిరుగుతుంది. ఆర్గాన్ వెల్డింగు, 308ఎల్ రాడ్డుతో చేయించండి. స్టెయిన్‌లెస్ నట్టూ బోల్టూ కలిపి వాడితే మరలకు యాంటీ సీజ్ (మరలు అతుక్కోకుండా రాసే పేస్టు) పూయండి. మెషిన్‌తో వేగంగా తిప్పితే మధ్యలో అతుక్కుపోతాయి, మళ్లీ కోయాల్సిందే.

నా ఓటు 304కే. మన ఎండకు, దుమ్ముకు గుడ్డతో తుడిచీ తుడిచీ ప్లేటింగు అరుగుతుంది, దీన్నైతే మళ్లీ బఫ్ కొట్టుకోవచ్చు. రంగు మాత్రం పక్కనున్న క్రోమ్ బంపరుతో పూర్తిగా కలవదు. క్రోమ్‌ది కాస్త నీలం చాయ. ప్రదర్శనకు పెట్టే కారైతే క్రోమే చేయించండి.

ఎన్‌హెచ్44_గుత్తి
చట్టం సంగతి. కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్ 7న రాష్ట్రాలకు రాసిన లేఖ ప్రకారం క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధం. గార్డ్ ఉంటే ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోదనే వాదన మీ కారుకు వర్తించదు, దానికి ఎయిర్‌బ్యాగే లేదు. కానీ నడిచేవాళ్లకు తగిలే దెబ్బ వర్తిస్తుంది. బంపరు గీత దాటి ముందుకు వచ్చిన పైపు దొరికిపోతుంది. ఓవర్‌రైడర్ల మధ్య, వాటి ముఖం కన్నా లోపలికి ఉండే సన్న బార్ జోలికి వచ్చే అవకాశం తక్కువ. అయినా అడిగితే విప్పి చూపించగలిగేలా బోల్టులతోనే ఉంచండి. నంబర్ ప్లేటు మీద నీడ కూడా పడకూడదు.

50 ఏళ్లు దాటింది కాబట్టి 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన కింద ‘వీఏ’ నంబరుకు పోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. పట్టాకు వెల్డింగు చేసిన గార్డ్ అక్కడ ప్రశ్న అవుతుంది. కాకపోతే ఆ నంబరుతో రోజువారీగా తిప్పడం కుదరదు, ర్యాలీ, ప్రదర్శన, సర్వీసు లాంటివాటికే. పార్కింగులో బైకులు ఆనించేంతగా తిప్పేవాళ్లు ముందు ఇది ఆలోచించుకోండి.

ఫాగ్ లైట్లు బార్ మీద వద్దు. 7 అంగుళాలవి రెండు పెడితే గ్రిల్ ముందు దాదాపు 500 చదరపు సెం.మీ. మూసేసినట్టే. ఏప్రిల్ మధ్యాహ్నం టవర్ క్లాక్ దగ్గర ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు మీకే చెప్తుంది. పైగా సన్న పైపు మీద బరువు ఊగి పట్టీ దగ్గర చీలిక వస్తుంది. తప్పదంటే 5 అంగుళాలవి, బంపరు కింద. రెండు 55 వాట్ల బల్బులంటే 9 ఆంపియర్లు. రిలే (చిన్న స్విచ్చుతో పెద్ద కరెంటును నడిపేది), 15 ఆంపియర్ల ఫ్యూజు, 2 చదరపు మి.మీ. వైరు వేయాల. 1967 చివరి దాకా వచ్చిన ఎంజీబీలు పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి ఉంటుంది), మీది నెగటివ్ అయి ఉండాల. అయినా బ్యాటరీ దగ్గర చూసుకున్నాకే కలపండి.

టవర్‌క్లాక్_515
చాలా థాంక్స్ అన్నా. 25 మి.మీ., 304, బోల్టులతోనే. వెనకకు కూడా ఇదే కొలతేనా?

బురుజు_కర్నూలు
పైపు అదే. కానీ వెనక ప్యానెల్ మీద కుడి పక్క పెట్రోలు మూత ఉంటుంది. ముందు అట్టతో నమూనా కోసి పెట్టి, బంకులో గన్ను వంగకుండా దూరుతుందో లేదో చూడండి. నంబర్ ప్లేటు లైటు వెలుగు కూడా రాత్రి పూట ఒకసారి చూసుకోండి. సైలెన్సర్ పైపు కొస నుంచి రబ్బరు ప్యాడ్లను దూరంగా ఉంచాల, దగ్గరైతే ఒక వేసవిలోనే గట్టిపడి పగులుతాయి. అమర్చాక వంద కిలోమీటర్లు తిరిగి నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగించండి, కొత్త రబ్బరు అణిగి వదులవుతాయి.